ముందు ఎడమ చక్రం

పంటి డాక్టరు కారు ఇంకో బండి వీపెక్కి వచ్చింది. షెడ్డు ముందు దించుతుంటే దాని ముందు ఎడమ మూల చతికిలబడి ఉంది. మిగతా మూడు మూలలూ షెడ్డువాళ్ళు పెట్టిన ఎత్తులోనే ఉన్నాయి. ఆ ఒక్క చోట చక్రం మడ్‌గార్డులోకి దూరిపోయి, టైరు అంచు కత్తితో చెక్కినట్టు లేచిపోయింది.

బండి తెచ్చినతను తాళాలు అందిస్తూ జరిగింది చెప్పాడు. కూడలి దగ్గర కుడివైపు తిరుగుతుంటే ఎడమ మూల ఒక్కసారిగా కుంగిందట. టైరు లోపల ఇరుక్కుని స్టీరింగు మాట వినలేదట. కారు వెళ్ళి రోడ్డు మధ్య గోడని గుద్దింది. ప్రాణానికేం కాలేదు గానీ, స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగి డాక్టరుగారి కుడి మణికట్టు విరిగిందట.

"రోజూ జనం నోళ్ళలో చెయ్యి పెట్టి బతికే మనిషి కదండీ" అని వెళ్ళిపోయాడు.

తాళాలు పుచ్చుకున్నావిణ్ణి షెడ్డులో అందరూ అమ్మడుగారంటారు. నలభైకి దగ్గర పడ్డ మనిషి. షెడ్డు తండ్రి పెట్టిందే అయినా నడిపేది ఆవిడే. తండ్రి "అమ్మడూ" అని మేడ మీంచి కేకేస్తుంటే విని విని, కారు బాగుచేయించుకోడానికి వచ్చేవాళ్ళకి కూడా అదే పేరు అలవాటైపోయింది. ఇప్పుడావిడ తాళాలు చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆ కారు ఈ షెడ్డు నుంచి వెళ్ళి వారం కూడా కాలేదు.

ఈ షెడ్డులో చేసే పని ఒకటే. కారుతో వచ్చిన స్ప్రింగులూ షాకబ్సర్లూ పీకేసి, బయట కొన్నవి బిగిస్తారు. ఈ కొత్త వాటికి ఒళ్ళంతా మరలుంటాయి. ఆ మరల మీద ఒక రింగు, ఆ రింగు మీద స్ప్రింగు కూర్చుంటుంది. రింగుని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే వంగుతుంది. ఎత్తు కుదిరాక దాని కింద ఇంకో రింగుని తెచ్చి గట్టిగా ఆనించి బిగిస్తారు. పై రింగు కదలకుండా కాపు కాసేది ఆ కింద రింగే. చివర్లో మేస్త్రి రెండు రింగుల మీదుగా పసుపు రంగుతో నిలువుగా ఒక గీత గీస్తాడు. గీత విరిగిందంటే రింగు కదిలిందని.

మేడ మీంచి ఆవిడ తండ్రి, పెద్దాయన, దిగి వచ్చాడు. తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో టార్చి. జాకీ పెట్టించి, మోకాళ్ళ మీద కూర్చుని, మడ్‌గార్డు లోపలికి వెలుతురు కొట్టాడు. అమ్మడు కూడా వంగి చూసింది. కింద రింగు మరల అడుగు దాకా జారిపోయి గాజులా వదులుగా వేలాడుతోంది. పసుపు గీత సగం పై రింగు మీద, మిగతా సగం ఎక్కడో చాటున ఉంది.

"ఈ కారు ఎవరు చేశారు?" అన్నాడు పెద్దాయన లేస్తూ.

"నేనేనండి" అన్నాడు మేస్త్రి.

"రింగు బిగించావా?"

మేస్త్రి ఆ రింగుని చూశాడు. తర్వాత పెద్దాయన మొహంలోకి చూశాడు. ఆ చూపు అవసరమైనదానికంటే ఎక్కువసేపే ఉందని అమ్మడుకి తర్వాత ఎప్పుడో తోచింది గానీ అప్పుడు తోచలేదు.

"బిగించాననే అనుకున్నానండి" అన్నాడు చివరికి.

ఆ 'అనుకున్నాను'తో పని అయిపోయింది. పెద్దాయన గొంతు పెంచలేదు. ఇది మనుషుల ప్రాణాలతో చేసే పని అనీ, అనుకునేవాళ్ళకి ఇక్కడ చోటు లేదనీ, రేపట్నుంచి రానక్కర్లేదనీ చెప్పి మేడెక్కేశాడు. మేస్త్రి గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. గోళ్ళ సందుల్లో నలుపు పోదని తెలిసి కూడా చాలాసేపు తుడిచాడు. తన కింద పనిచేసే పొడుగోడిని పక్కకి పిలిచి ఏదో చెప్పాడు. టిఫిను క్యారేజీ పట్టుకుని, అమ్మడు ముందు నుంచే గేటు దాటాడు.

అమ్మడు ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. ఆవిడకి పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆపాలనిపించింది. కానీ ఆపలేదు. ఒక మనిషి చెయ్యి విరిగింది, చేసినవాడు తనేనని ఒప్పుకున్నాడు. ఇంకేముంది మాట్లాడటానికి? సాయంత్రం పొడుగోడు మేస్త్రి గురించి నసుగుతుంటే, "బాబాయైనా తప్పు తప్పే" అని తనే అంది.

మేస్త్రి లేని షెడ్డులో పని కుంటుతూ నడిచింది. పొడుగోడు మంచి పనివాడే. ఆరడుగులు దాటిన మనిషి. ఈ కిందికి వంచిన కార్లలోకి వాడు ఎక్కాలంటే ముందు మోకాళ్ళని పంపించి, వెనకాల తను వెళ్ళాలని మేస్త్రి ఎప్పుడూ ఏడిపించేవాడు. ఇప్పుడు ఏడిపించేవాళ్ళు లేక వాడు కూడా మూగవాడిలా తిరిగాడు.

అమ్మడు కొంగు బిగించి తనే లిఫ్టు కిందికి వెళ్ళింది. ఒక బట్టల షాపావిడ కారుకి వెనక భాగం కాస్త లేపాలి. తర్వాత పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు కారు. అతను కెమెరా సామానంతా వెనక వేసుకుని తిరుగుతాడు, అతనికి ముందూ వెనకా సమంగా కావాలి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి కొలవడం, కొక్కెం మూతి ఉన్న పానాతో రింగుని తిప్పడం, చక్రాలు వేసి కారుని కిందికి దించి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి, స్ప్రింగు సర్దుకున్నాక మళ్ళీ కొలవడం. ఎడమవైపు సరిపోతే కుడివైపు తేడా వచ్చేది. కుడివైపు సరిచేస్తే ఎడమవైపు అలిగేది. మళ్ళీ లిఫ్టు ఎక్కించి, చక్రాలు విప్పి, రింగులు వదులు చేసి మొదటి నుంచి. ఇలా ప్రతి కారూ లిఫ్టు మీద చక్రాలు లేకుండా వేలాడుతూనే భోజనాల వేళ అయ్యేది.

మధ్యలో పెద్దాయన దిగి వచ్చి, బల్ల దగ్గర నిలబడి, "మేస్త్రి ఏడీ, కనబడట్లేదు?" అన్నాడు.

కోపం దిగాక నేరుగా పిలవలేక ఇలా అడుగుతున్నాడనుకుంది అమ్మడు. "మీరే కదా నాన్నా రావద్దన్నారు" అంది.

"ఆఁ, అవునవును" అన్నాడాయన. ఆ మాట మరీ తొందరగా వచ్చింది. బల్ల మీది నట్లు రెండు తీసి చూసి, అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

పంటి డాక్టరుని చూడ్డానికి ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది. యాభై ఏళ్ళ మనిషి, చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. అరుస్తాడనుకుంటే అరవలేదు. కూర్చోమన్నాడు. తన దగ్గరికి రావాల్సిన వాళ్ళందరినీ వేరే డాక్టర్లకి పంపించేశాననీ, ఒకామెకి సగం చేసిన పన్ను అలాగే ఉండిపోయిందనీ, దాని గురించే బాధగా ఉందనీ చెప్పాడు. వేళ్ళు మునుపటిలా కదులుతాయో లేదో కట్టు విప్పితే గానీ తెలియదట.

"ఎలా జరిగిందండీ అది?" అని మాత్రం అడిగాడు.

మా మనిషి రింగు బిగించడం మర్చిపోయాడనీ, అతన్ని తీసేశామనీ చెప్పింది అమ్మడు. డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ తల ఊపాడు. తీసేశారని విన్నందుకు ఆయన మొహంలో ఏ సంతోషమూ కనబడలేదు.

మర్నాడు భోజనాల వేళ అమ్మడు మేడ మీద సగం తిని, ఫోను కింద మర్చిపోయానని గుర్తొచ్చి మెట్లు దిగింది. పొడుగోడు వెనక నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని తింటున్నాడు. షెడ్డులో ఫ్యాను ఆపేసి ఉంది. లిఫ్టు మీద పొద్దుట తను ఎత్తు పెట్టి, రింగులు బిగించి, పసుపు గీతలు కూడా గీసిన కారు చక్రాలు లేకుండా వేలాడుతోంది.

దాని కింద పెద్దాయన ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. చేతిలో కొక్కెం పానా. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మొదట అమ్మడుకి ఎంత హాయిగా అనిపించిందంటే, అలికిడి కాకుండా మెట్టు మీదే ఆగిపోయింది. తండ్రి పనిముట్టు పట్టుకోగా చూసి ఎన్నాళ్ళయిందో. ఆ భుజం అదే ఊపుతో కదులుతోంది, పానా మూతి చూడకుండానే రింగు గాడిలో పడుతోంది.

తర్వాత ఆవిడ కళ్ళు ఆయన చేతుల మీద నిలిచాయి. పానా తిరుగుతున్నది బిగించే వైపు కాదు.

కింద రింగు పట్టు వదిలింది. ఆయన పానా చంకలో పెట్టుకుని, మిగతాది వేళ్ళతో చకచకా తిప్పేశాడు. రింగు మరల మీదుగా దిగి అడుగున వేలాడింది. పసుపు గీత రెండు ముక్కలయింది. ఆయన పక్క చక్రం దగ్గరికి నడిచాడు. అక్కడ కూడా పానా తగిలించి, ఒక్క తిప్పు తిప్పి, ఆగాడు. కూనిరాగం కూడా ఆగింది. చేతిలోని పానాని ఎవరో ఇచ్చి వెళ్ళిన వస్తువులా తిప్పి చూశాడు. గోడ దగ్గరికి వెళ్ళి దాన్ని దాని మేకుకే తగిలించాడు. చేతులు తుడుచుకుని చొక్కా చేతులు దించుకుంటూ ఇటు తిరిగేసరికి మెట్టు మీద కూతురు కనిపించింది.

"అన్నం తిన్నావా అమ్మడూ?" అన్నాడు.

అమ్మడు మెట్లు దిగి వచ్చింది. ఆయన చేతుల మీద నల్లటి గ్రీజు మరక ఉంది.

"ఏం చేస్తున్నారు నాన్నా?"

"ఏం చేస్తున్నాను? ఇప్పుడే కదా కిందికి దిగాను."

అబద్ధం కాదది. దాచుకునే మనిషి కళ్ళు అలా ఉండవు. ఆయన లిఫ్టు వైపు తిరిగాడు, అలవాటు కొద్దీ తలెత్తి చూశాడు. వేలాడుతున్న రింగు కంటపడింది. దగ్గరికి వెళ్ళి దాన్ని వేలితో కదిపాడు. క్షణంలో మొహం ఎర్రబడింది.

"ఎవడు చేశాడీ పని? రింగు ఇలా వదిలేస్తే మనుషులు పోతారు. మేస్త్రిని పిలు."

అమ్మడు లిఫ్టు స్తంభం పట్టుకుంది.  ఇదే మొహం, ఇదే కోపం. మొన్న డాక్టరు కారు దగ్గర చూసింది కూడా ఇదే. అప్పుడూ ఆయన నటించలేదు.

ఎలాగో నచ్చజెప్పి ఆయన్ని మేడ మీద కూర్చోబెట్టి, కిందికి వచ్చి షెడ్డు మధ్యలో నిలబడిపోయింది. ఆ తర్వాత గుర్తొచ్చింది. మేస్త్రి వెళ్ళాక ఈ గేటు దాటిన కార్లు. అవన్నీ భోజనాల వేళ ఇలాగే వేలాడాయి.

ఫోను అందుకుంది. ఒక్కొక్క నంబరూ నొక్కింది. బట్టల షాపావిడ తీసింది. కారు కదపొద్దు, మేమే వస్తాం అంటే ఆవిడ కంగారుపడి ఏవేవో ప్రశ్నలు వేసింది. మిగతావాళ్ళూ దొరికారు. ఒకతను దారిలో ఉంటే పక్కకి ఆపించింది. ఫొటోగ్రాఫరు మాత్రం తీయలేదు. మళ్ళీ చేస్తే ఫోను ఆపేసి ఉంది. ముహూర్తాల రోజుల్లో అతను ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటాడు.

పొడుగోడిని పిలిచి, మేస్త్రి వెళ్తూ నీకేం చెప్పాడని అడిగింది. వాడు తల దించుకున్నాడు. లిఫ్టు దించే ముందు ప్రతి కారుకీ ప్రతి రింగూ మళ్ళీ చూడమన్నాడట. మొదటి రోజు చూశాడట. మర్నాడు పని ఒత్తిడిలో, వెళ్ళిపోయినాయన చాదస్తంలే అనుకున్నాడట.

మేస్త్రి ఇల్లు ఇరుకు సందులో ఉంది. ఆయన గుమ్మంలో కూర్చుని కుక్కర్ మూత పిడి బిగిస్తున్నాడు. ఆయన భార్య అమ్మడుని చూసి, పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది. అమ్మడు కూర్చోలేదు. చూసింది చూసినట్టు చెప్పేసింది.

మేస్త్రి ఆశ్చర్యపోలేదు. ఆవిడకి అది రెండో దెబ్బ.

"మీకు తెలుసు" అంది.

"నేనొచ్చేశాక వెళ్ళిన కార్లేవి?" అన్నాడాయన, అప్పటికే లేచి చొక్కా వేసుకుంటూ.

కారులో వెళ్తుంటే చెప్పాడు. ఎండలు తగ్గక ముందు నుంచే ఉందిది. మొదటిసారి చూసినప్పుడు పెద్దాయన ఏదో సరిచేస్తున్నాడనుకున్నాడట. రెండోసారి అర్థమైంది. ఆయన ఎత్తు పెట్టడానికే వస్తాడు. దానికోసం రింగు వదులు చేస్తాడు. చేశాక తను దేనికి వచ్చాడో మర్చిపోతాడు. అప్పట్నుంచి మేస్త్రి ప్రతి బండినీ అప్పగించే ముందు, అందరి కళ్ళూ కప్పి, మళ్ళీ రింగులన్నీ చూసి బిగించేవాడు. ఒక్క బండీ తప్పించుకోలేదు, డాక్టరుది తప్ప. ఆ రోజు మేస్త్రి సామానుకి బజారుకి వెళ్ళాడు. డాక్టరు చెప్పిన టైముకంటే ముందే వచ్చాడు. పొడుగోడు చక్రాలు వేసి తాళాలిచ్చేశాడు. మేస్త్రి మర్నాడు ఆయనకి ఫోను చేసి ఒకసారి బండి తెమ్మన్నాడు గానీ, ఎందుకో చెప్పలేదు. ఆదివారం వస్తానన్నాడు డాక్టరు. ఆదివారం రాకముందే అయిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెబితే ఆయన్ని షెడ్డులోకి రానిస్తావా నువ్వు? రానివ్వవు. రానివ్వకూడదు కూడా. ఆ మేడ మీద కూర్చుని ఆయనేం చేస్తాడు? నేనున్నానుగా, నేను చూసుకుంటానులే అనుకున్నాను."

ఫొటోగ్రాఫరు ఇంటి ముందు కారు ఉంది. అది కనబడగానే అమ్మడుకి ఊపిరి వచ్చింది. మరుక్షణమే ఆగింది. ఈసారి ముందు కుడి మూల. గోడ నీడలో ఆ పక్కకి ఒరిగి ఉంది. ఫొటోగ్రాఫరు తల్లి బయటికొచ్చి, అబ్బాయికి రాత్రి నుంచి ఒళ్ళు తెలియని జ్వరమనీ, అందుకే ఫోను ఆపేశామనీ, లేకపోతే ఈపాటికి ఘాట్ రోడ్డు మీద ఉండేవాడనీ చెప్పింది. కారు వాలిందని చూసి టైరులో గాలి తక్కువుందనుకున్నారట.

మేస్త్రి స్టీరింగు పూర్తిగా తిప్పి, మడ్‌గార్డు సందులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. భుజం దాకా వెళ్ళింది. కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికాడు. తర్వాత కళ్ళు తెరిచి అమ్మడు వైపు చూశాడు. తల ఊపాడు. ఆవిడ అక్కడే అరుగు మీద కూర్చుంది. లోపల గదిలోంచి దగ్గు వినబడుతోంది. ఆ జ్వరమే గనక రాకపోయి ఉంటే అన్న మాట దగ్గర ఆలోచన తెగిపోతోంది.

జాకీ పెట్టి, చక్రం విప్పి, ఇద్దరూ అక్కడే ఎత్తు పెట్టారు. మేస్త్రి పానా తిప్పుతుంటే అమ్మడు టేపు పట్టుకుంది. పని నడుస్తుండగా ఆవిడ, మధ్యాహ్నం నుంచి గొంతులో ఉన్న మాట అనేసింది.

"మీకు చాలా అన్యాయం చేశాం బాబాయ్."

"కాదు" అన్నాడు మేస్త్రి, తల తిప్పకుండా. "అన్యాయమేం జరగలేదు. తీసెయ్యాల్సిందే నన్ను."

"చేసింది మీరు కాదుగా."

"తెలిసి ఊరుకున్నది నేనేగా. మీ నాన్నకి తెలియదు, ఆయన్నేమంటాం? నాకు తెలుసు. అయ్యో పాపం పెద్దాయన అనుకుంటూ, తెలిసి తెలిసి అందరినీ ఆ బళ్ళలో పంపించాను." రింగుని చివరి తిప్పు బిగించి, పానా కింద పెట్టి, అరచెయ్యి పాంటుకి రాసుకున్నాడు. "డాక్టరు చెయ్యి విరగ్గొట్టింది నా మొహమాటం. నువ్వొచ్చి అన్యాయమైపోయిందంటే నేను మంచివాణ్ణైపోతాను. అలా అనకు."

 క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి చేతిలో ఆ మాట అలాగే ఉండిపోయింది. ఎవరిని నిందించినా సగమే నిజమవుతోంది. మిగతా కార్లు చూడాలి కాబట్టి రేపు వస్తాననీ, ఉండేదీ లేనిదీ ఆ తర్వాత చూద్దామనీ చెప్పి మేస్త్రి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున షెడ్డు ముందు కార్లు వరసగా నిలబడ్డాయి. మేస్త్రి గేటు దాటుతుండగానే పెద్దాయన మేడ మెట్లు గబగబా దిగి వచ్చాడు.

"ఏమైపోయావయ్యా ఇన్నాళ్ళూ? చెప్పా పెట్టకుండా మానేస్తే ఎలా?" అని భుజం మీద చెయ్యి వేశాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

"ఊళ్ళో లేనండి" అన్నాడు మేస్త్రి.

బట్టల షాపావిడ కారు లిఫ్టు ఎక్కింది. చక్రం విప్పగానే పెద్దాయన కళ్ళు ముందు అక్కడికే పోయాయి. కింద రింగు జారి ఉంది. మళ్ళీ ఆ మొహం ఎర్రబడింది. "ఎవరు చేశారీ కారు?" అన్నాడు.

మేస్త్రి నోరు తెరిచాడు. ఏమనబోతున్నాడో అమ్మడుకి తెలిసిపోయింది. చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరే నాన్నా" అంది.

పొడుగోడి చేతిలో నట్టు జారి గచ్చు మీద దొర్లింది. పెద్దాయన కూతుర్ని చూశాడు. నవ్వబోయాడు. ఆ నవ్వుకి ఎవరూ తోడు రాకపోయేసరికి మేస్త్రి వైపు తిరిగాడు. ఆయన అడిగింది కూతుర్ని కాదు.

"నిజమేనా?"

మేస్త్రి ఆయన కళ్ళలోకి చూశాడు. "అవునండి" అన్నాడు.

పెద్దాయన రెండు చేతులూ ఎత్తి చూసుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు మళ్ళీ దించాడు. మొహంలో రక్తం పూర్తిగా దిగిపోయింది. అమ్మడు కుర్చీ జరిపితే కూర్చోలేదు.

"ఎవరికైనా ఏమైనా అయిందా?"

చెప్పింది. డాక్టరు సంగతి, కూడలి సంగతి, విరిగిన చెయ్యి సంగతి. ఏదీ దాచలేదు. ఆయన చివరి దాకా విన్నాడు.

"అయితే వెళ్ళాలి" అన్నాడు. "పద."

మేస్త్రిని రమ్మంటే, లిఫ్టు మీది కారు వదిలి రాలేనన్నాడు. తండ్రీ కూతుళ్ళిద్దరే బయల్దేరారు. ఆయన ముందు సీటులో నిటారుగా కూర్చుని, పెదాలు లోపల్లోపల కదుపుతున్నాడు. అక్కడ అనాల్సిన మాటలు కూర్చుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. పెద్ద రోడ్డెక్కాక దుకాణాలు చూడ్డంలో పడ్డాడు. ఒక కొత్త మేడ చూపించి ఇదెప్పుడు లేచిందన్నాడు. కాసేపటికి, "ఎక్కడికమ్మడూ మనం?" అన్నాడు మామూలుగా.

అమ్మడు స్టీరింగుని గట్టిగా పట్టుకుంది. బజారుకని చెప్పి వెనక్కి తిప్పెయ్యొచ్చు. ఆయనకి తెలియనే తెలియదు. కొంత దూరం అలాగే పోనిచ్చి, మొదటి నుంచి చెప్పింది.

ఆయన సీటులో వెనక్కి ఒరిగిపోయాడు. "నేనా?" అన్నాడు. పొద్దున షెడ్డులో చూసిన మొహమే, అదే తెల్లబోవడం. ఒకసారి తగిలిన దెబ్బ కాబట్టి ఈసారి తక్కువ తగలాలన్న రూలేమీ లేదు. చేతులు చూసుకున్నాడు. ఎవరికైనా ఏమైనా అయిందా అన్నాడు. ఆవిడ చెప్పింది.

"అయితే వెళ్ళాలి. ఆగకు, పోనీ."

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసిన డాక్టరు ఉండే వీధి మలుపులో కూడా అడిగాడు. అప్పుడు కూడా చెప్పింది.  ఆయన ప్రతిసారీ అంతే కొత్తగా అదిరిపడ్డాడు. వెనక్కి వెళ్ళిపోదామని మాత్రం ఒక్కసారీ అనలేదు.

తలుపు డాక్టరే తీశాడు, ఎడమ చేత్తో. కుడి చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. అమ్మడుని గుర్తుపట్టి, పక్కనున్న తెల్లచొక్కా పెద్దమనిషిని ఎవరన్నట్టు చూశాడు. పెద్దాయన చూపు కట్టు మీద పడింది. దగ్గరికి జరిగి, ఎంతో మెత్తగా అడిగాడు.

"చేతికి ఏమైంది బాబూ?"

డాక్టరు జవాబివ్వకుండా అమ్మడు వైపు చూశాడు. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచి, గుమ్మంలోనే నిలబడి, ఇద్దరికీ కలిపి చెప్పింది. మా మనిషి మర్చిపోయాడని ఆ రోజు చెప్పింది తప్పని, రింగు వదులు చేసింది ఇదిగో ఈయనేనని, ఈయన మా నాన్న అని, ఈయనకి గుర్తుండదని, అది మాకు తెలియలేదని, తెలిసినవాళ్ళు చెప్పలేదని. వింటున్న ఇద్దరూ మొదటిసారి విన్నారు. ఇద్దరి మొహాలూ ఒకేలా తెల్లబోయాయి. ఎవరిని ముందు చూడాలో ఆవిడకి తెలియలేదు.

 పెద్దాయన గుమ్మం చెక్క పట్టుకున్నాడు.  ఆ పడిపోయేలా ఉన్న మనిషిని చూసి, డాక్టరు ఆలోచించకుండానే బాగున్న చెయ్యి చాచి మోచేతి దగ్గర పట్టుకున్నాడు.

"లోపలికి రండి. ముందు కూర్చోండి" అన్నాడు.